దేనికీ పనికిరాని అణువు

అణువంటే ఏమిటని హైస్కూలు పిల్లల్ని అడగండి. "రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ పరమాణువులు కలిస్తే అణువండీ" అని ఊపిరి తీసుకోకుండా అప్పజెపుతారు. అదే మాట పొద్దున్నే పేపరు చదివే పెద్దమనిషిని అడగండి. "బాంబు" అంటాడు. ఇద్దరిదీ తప్పు లేదు. పాఠ్యపుస్తకాల్లో నీటికీ పంచదారకీ ఉండేది అణువు. పేపర్లలో ఉండేవి అణు పరీక్ష, అణు బాంబు, అణు విద్యుత్. పాఠాలు రాసేవాళ్ళూ పేపర్లు రాసేవాళ్ళూ ఎప్పుడైనా ఒకచోట కూర్చుని, టీ తాగి, ఈ ఒక్క మాట ఎవరిదో తేల్చుకుని ఉంటే, దివిసీమ జనం నా మీదికి ఆటోలు కట్టుకుని వచ్చేవాళ్ళు కాదు.

నేను గుడివాడ పిల్లని. బందరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటి అప్పటికి కొన్నేళ్ళయింది. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి గానీ మా ల్యాబులోకి మాత్రం కొత్త వస్తువు ఒక్కటీ రాలేదు. సముద్రపు గాలికి తుప్పు పట్టిన దండాయస్కాంతాలు, కరెంటిచ్చినా ఇవ్వకపోయినా ఒకే చోట బిగుసుకుని కూర్చునే గాల్వనామీటరు ముల్లు, వాటన్నిటికీ తాళం వేసి కాపలా కాసే నేను. అలాంటి చోట కూర్చుని పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తున్నాను. దేని మీదా అంటే, ఒకే ఒక్క అణువు మీద.

ఆ అణువు సంగతి కాస్త చెప్పనివ్వండి, కోప్పడకండి. దాని నడుమ మాంగనీసు పరమాణువులు గుత్తిలా ఉంటాయి, చుట్టూ సేంద్రియ పదార్థం కోటు తొడుక్కుని ఉంటుంది. ఇంత చిన్న ప్రాణానికి ఎంత పొగరో చూడండి, అదొక్కటే ఒక అయస్కాంతం. పైకి చూస్తే పైకే చూస్తుంది, కిందికి చూస్తే కిందికే. మనసు మార్చుకోవాలంటే మధ్యలో ఒక గుట్ట ఎక్కి దిగాలి. బాగా చల్లబరిచామంటే ఆ గుట్ట ఎక్కే ఓపిక దానికి ఉండదు, ఎటు చూస్తోందో అటే ఉండిపోతుంది. ఇప్పుడు ఆ అణువుని రెండు బంగారు తీగల మధ్య పెట్టి ఎలక్ట్రాన్లని ఒక్కొక్కటిగా దాని గుండా పంపితే, లోపల అయస్కాంతం ఎటు చూస్తోందో బయటికొచ్చిన కరెంటుని బట్టి చెప్పగలమా? నా పీహెచ్‌డీ మొత్తం ఈ ఒక్క ప్రశ్న.

దీనికోసం ప్రయోగాలు చేసేవాళ్ళు ఏం చేస్తారో తెలిసినప్పుడు నాకు నవ్వాగలేదు. సన్నటి బంగారు తీగలో కరెంటు పంపిస్తూ పోతారు, పోతారు, అది తెగేదాకా. తెగిన చోట ఎక్కడో ఒక అణువు ఇరుక్కుని ఉంటుందేమోనని ఆశ. చాలాసార్లు ఇరుక్కోదు. మళ్ళీ ఇంకో తీగ. చదువు పేరుతో ఇంత ఖరీదైన జూదం ఇంకోటి నేను చూడలేదు. నేను మాత్రం లెక్కల మనిషిని. ఇంట్లో పాత కంప్యూటర్లో ప్రోగ్రాం నడిపిస్తూ ఉండేదాన్ని. బందరు కరెంటు సంగతి మీకు తెలుసుగా. ఎలక్ట్రాను అణువులోకి వెళ్ళేది, ఈలోగా ఊళ్ళో కరెంటు పోయేది. పాపం అది మళ్ళీ బయటికి వచ్చేది కాదు.

లెక్కలు ఒక కొలిక్కి వచ్చాయి. అప్పుడు మా గైడు గారు ఫోన్లో తేల్చి చెప్పేశారు. "ఇకమీదట దూరాన్నుంచి కుదరదమ్మా. రెండేళ్ళు ఇక్కడికొచ్చి ప్రయోగాలు చేసేవాళ్ళ పక్కన కూర్చో. నీ లెక్కా వాళ్ళ కొలతా కలవాలి. రాలేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకో, ఇంకొకళ్ళకి చోటు దొరుకుతుంది" అన్నారు. ఆయనుండేది వేరే రాష్ట్రంలో పెద్ద పరిశోధనా సంస్థలో. వెళ్ళాలంటే కాలేజీ నాకు స్టడీ లీవు ఇవ్వాలి. ఇవ్వాల్సింది కాలేజీ నడిపే మా కరస్పాండెంటు గారు.

ఆయన చెడ్డవాడు కాదు. ఏ విషయమైనా "చూద్దాం" అనే మనిషి, అంతే. నా సెలవు గురించి ఎన్నిసార్లు వెళ్ళినా కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి, "చూద్దాం అమ్మా" అనేవారు. ఆ కాఫీలు తాగీ తాగీ నాకు కడుపులో మంట పట్టుకుంది. చివరికి ఒకరోజు ఆయనకే ఒక ఆలోచన వచ్చింది. అప్పటికే ఆయనకి దివిసీమ వైపు నుంచి ఎన్నికల్లో నిలబడాలని కోరిక పుట్టి, వారానికోసారి అవనిగడ్డలో ఏదో ఒక సభ పెడుతున్నారు.

"మేడంగారూ, మీ సబ్జెక్టు మీద అవనిగడ్డలో సైన్సు సభ పెడదాం. తెలుగులో చెప్పాలి. జనానికి అర్థం కావాలి, నాకూ అర్థం కావాలి. అర్థమైందా, మర్నాడే మీ సెలవు మీద సంతకం."

ఇంటికెళ్ళి గంతులేశాను. మా ఆయన అదే కాలేజీలో తెలుగు లెక్చరరు. చల్లపల్లి మనిషి. ఇంట్లో స్విచ్చి పాడైనా "మీట పనిచేయట్లేదోయ్" అనే రకం. ప్రసంగానికి పేరు నేను పెడతానని కూర్చున్నాడు.

"మాలిక్యూల్ అంటే అందరికీ తెలుస్తుందండీ, అదే ఉంచండి" అన్నాను.

"ఛ, తెలుగులో సభ అన్నారుగా! అణువు అని చక్కటి మాట ఉండగా మాలిక్యూల్ ఏమిటి, నోట్లో పోకచెక్క ఇరుక్కున్నట్టు?"

అలా ఆయన పెట్టిన పేరు, "సూక్ష్మ సాధనాలలో అయస్కాంత అణువుల గుండా విద్యుత్ ప్రసారం". నిజం చెప్పొద్దూ, చదువుతుంటే నాకే ముచ్చటేసింది. నా పనికి ఇంత నిండైన పేరు ఉంటుందని అంతవరకూ తెలీదు. మా ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదివి, మీసం దువ్వుకున్నాడు.

ఆ పేరు బ్యానరు రాసే ఆర్టిస్టు చేతికి వెళ్ళింది. అవనిగడ్డ బస్టాండు దగ్గర కొట్టు. ఆయన తప్పూ లేదు. గుడ్డలో సగం మా కరస్పాండెంటు గారు రెండు చేతులూ జోడించి నిలబడ్డ బొమ్మకి పోయింది. మిగిలిన దాంట్లో పావు ఆయన పేరుకీ బిరుదులకీ పోయింది. ఇంకేం మిగుల్తుంది? పేరులోంచి మాటలు ఒక్కొక్కటే పీకుతూ వచ్చాడు. సూక్ష్మం పోయింది, సాధనాలు పోయాయి, అయస్కాంతం పోయింది, "వుల గుండా" పోయింది. చివరికి నాలుగు రోడ్ల కూడలిలో గాలికి ఎగురుతూ నిలబడింది ఏమిటయ్యా అంటే, "అవనిగడ్డలో అణు విద్యుత్ ప్రసారం. అందరూ ఆహ్వానితులే."

తర్వాత ఆ ఆర్టిస్టుని అడిగితే, "అర్థం మారలేదుగా మేడంగారూ, చిన్నదయిందంతే" అన్నాడు.

ఆ బ్యానరు కింద నిలబడి సోడా తాగుతున్న ఒక విలేకరి దాన్ని చదివాడు. ఎవర్నీ ఏమీ అడగలేదు. మర్నాడు జిల్లా పేజీలో ఒక మూల "దివిసీమకు అణు విద్యుత్?" అని వేశాడు. చివర ప్రశ్నార్థకం పెట్టాడు కాబట్టి తన బాధ్యత తీరిపోయింది. కింద రెండు వాక్యాలు. తీరప్రాంతంలో స్థలం చూస్తున్నట్టు తెలుస్తోందని ఒకటి, బందరు నుంచి నిపుణులు వస్తున్నట్టు సమాచారమని ఒకటి. ఆ నిపుణులు నేనన్నమాట! మా అమ్మ గుడివాడ నుంచి ఫోన్ చేసి, "పేపర్లో నీ గురించి పడిందంట కదే, పేరు వెయ్యలేదేం?" అని నిష్ఠూరమాడింది.

సభ రోజు మధ్యాహ్నం మేమిద్దరం బస్సులో బయల్దేరాం. చల్లపల్లి దాటేసరికి దారి పొడుగునా ఆటోలు, ఆటోల నిండా జనం. "ఏదో పెళ్ళి ఉన్నట్టుంది" అన్నాడు మా ఆయన. అవనిగడ్డ కల్యాణమండపం ముందు దిగాక తెలిసింది, పెళ్ళి నాదేనని. మేం కాలేజీ పిల్లలు నలుగురొస్తే గొప్ప అనుకున్నాం. మండపం నిండిపోయి, మెట్ల మీద, గోడల మీద, కిటికీల్లో జనం. కొందరు నల్ల గుడ్డపీలికలు చేతికి కట్టుకున్నారు. మార్కెట్టు నుంచి అటునుంచటే వచ్చినట్టున్నారు, కొంతమంది ఆడవాళ్ళ పక్కన ఖాళీ చేపల బుట్టలున్నాయి. "అణు విద్యుత్ వద్దు! వద్దు వద్దు!" అని అరుస్తున్నారు. పారిపోదామని వెనక్కి తిరిగితే మేమొచ్చిన బస్సు వెళ్ళిపోయింది.

వేదిక మీద కరస్పాండెంటు గారు చెమటలు తుడుచుకుంటున్నారు. తను ఓట్లడగాల్సిన జనం మొత్తం తన బొమ్మ ఉన్న బ్యానరు కిందే నిలబడి తిడుతున్నారాయె.

"ఏం చేశారమ్మా మీరు? ఏంటండీ ఈ గోల?" అన్నారు నాతో.

ముందు మా ఆయన మైకు తీసుకున్నాడు. పేరు పెట్టింది తనే కాబట్టి సర్దిచెప్పేదీ తనేనట. "సోదరులారా, అణువు వేరు, పరమాణువు వేరు. మీరు భయపడుతున్నది పరమాణు కేంద్రకం గురించి. కేంద్రకానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు..."

"విన్నారా! కేంద్రమంటన్నాడు!" అని గోడ మీంచి ఎవరో అరిచారు. "ఢిల్లీ నుంచే వచ్చిందిది!"

"కేంద్రం కాదండీ, కేంద్రకం!"

"అదే, కేంద్రం! ఒప్పుకున్నాడు!"

ఇంక ఆగుతారా? కుర్చీలు కదిలాయి. మా ఆయన ఇంకా వ్యుత్పత్తి చెప్పబోతుంటే మైకు చేతిలోంచి లాక్కున్నాను. ఇరవై ఏళ్ళ కాపురం అయ్యాక కూడా ఆయన ఆ లాగుడు గురించి చెప్తుంటాడు.

ముందు వరసలో ఒక పెద్దావిడ లేచి నిలబడింది. పాలకాయతిప్ప నుంచి వచ్చిందట. అవనిగడ్డ మార్కెట్లో చేపలమ్ముతుంది. పొట్టి మనిషి, ఎగదోపిన చీర, గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు. ఆవిడ చెయ్యెత్తితే మండపం అంతా సద్దుమణిగింది.

"మేడంగారూ, ఉప్పెన చూశాం. సునామీ చూశాం. ఇప్పుడు అణువు కూడా మా నెత్తినే పెడతారా? సముద్రం ఒడ్డున మేవే దొరికామా మీకు?"

ఏం చెప్పను? రాసుకొచ్చిన ప్రసంగం చూసుకుంటే మొదటి వాక్యంలోనే అణువు ఉంది, రెండో వాక్యంలో విద్యుత్తు ఉంది. కాగితాలు మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టేశాను. ఆ క్షణంలో నోటికి ఏదొస్తే అది మాట్లాడాను.

"అమ్మా, ఒక పెళ్ళింట్లో ఒకే బాత్రూం ఉందనుకోండి."

కరస్పాండెంటు గారు కళ్ళు మూసుకున్నారు.

"ఇంటి నిండా చుట్టాలు. పొద్దున్నే అందరికీ అర్జెంటే. కానీ ఒకళ్ళు లోపల ఉండగా రెండోవాళ్ళు వెళ్ళగలరా? వెళ్ళలేరు. లోపలున్నవాళ్ళు బయటికి రావాలి, అప్పుడు ఇంకొకళ్ళు. ఎంత తోసుకున్నా ఒక్కొక్కళ్ళే. నా అణువు ఆ బాత్రూం అండీ. చుట్టాలు ఎలక్ట్రాన్లు. బాత్రూంకి ఇటో వరండా, అటో వరండా. ఇటు వరండాలోంచి లోపలికెళ్ళి, అటు వరండాలోకి బయటికొస్తారు. నేను చేసేదల్లా వరండాలో కూర్చుని ఎంతమంది వెళ్ళారో లెక్కపెట్టడం!"

మొదట ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వొచ్చింది. తర్వాత గోడల మీదికి పాకింది. బతికిపోయాననుకున్నాను. ధైర్యమొచ్చింది.

"ఆ బాత్రూం తలుపు మొండిదండీ. ఇటు తిరిగితే ఇటే ఉంటుంది, అటు తిరిగితే అటే, మధ్యలో నిలవదు. అదే అయస్కాంతం. తలుపు ఒకవైపుంటే కొందరు చుట్టాలు సులువుగా వెళ్తారు, ఇంకోవైపుంటే వాళ్ళే గుద్దుకుంటారు. వరండాలో ఉన్న నాకు తలుపు కనిపించదు. అయినా జనం వెళ్ళే జోరు చూసి తలుపు ఎటుందో చెప్పెయ్యగలను. ఎవరూ తొయ్యకపోతే ఆ తలుపు అలాగే ఉండిపోతుంది. అంటే ఆ అణువు ఒక సంగతిని గుర్తుపెట్టుకున్నట్టే కదండీ!"

ఆ మాట అంటున్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళూ ఇంగ్లీషులో, గ్రీకు అక్షరాల్లో చేసిన లెక్క ఇదేనా అనిపించింది. నా లెక్క నాకే మొదటిసారి కళ్ళ ముందు కనపడింది. చాలా సంతోషమేసింది, నిజంగా. ఆ సంతోషం రెండు నిమిషాలైనా ఉండనిచ్చారా?

పెద్దావిడ ఇంకా నిలబడే ఉంది. ఆవిడ నవ్వలేదు.

"అయితే దీంట్లోంచి కరెంటు వచ్చుద్ది."

"వస్తుందండీ, కానీ చాలా కొంచెం."

"బల్బు వెలుగుద్దా?"

"వెలగదండీ."

"ఫ్యాను?"

"తిరగదండీ."

"సెల్లు చార్జింగన్నా ఎక్కుద్దా?"

"ఎక్కదండీ."

"మరి దేనికి పనికొచ్చుద్ది?"

ఏం చెప్పాలి? ఎప్పటికైనా ఒక్కో అణువు మీద ఒక్కో సంగతి దాచుకోవచ్చు, గోరంత చోట లైబ్రరీలు పట్టించొచ్చు అని చెప్పొచ్చు. చెప్తే "ఎప్పటికైనా" అన్న మాట పట్టుకుంటారు. కిటికీల్లో జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. పక్కన కరస్పాండెంటు గారు పళ్ళ మధ్య నుంచి, "పనికిరాదని చెప్పండమ్మా, చెప్పండి" అంటున్నారు.

"దేనికీ పనికిరాదండీ" అన్నాను మైకులో. "ఎవరికీ, ఎందుకూ, ఏ ఉపయోగమూ లేదు."

చప్పట్లు! అవనిగడ్డలో అన్ని చప్పట్లు ఏ నాయకుడికీ పడి ఉండవు. ఈలలు వేశారు. చేతులకున్న నల్ల పీలికలు విప్పేశారు. కరస్పాండెంటు గారు ఒక్క ఉదుటున మైకు అందుకుని, "నేనుండగా దివిసీమకి అణు విద్యుత్ రాదు, రానివ్వను!" అని గర్జించారు. ఆయనకి దండ వేశారు. రాని దాన్ని ఆపినందుకు దండ వేయించుకున్న మనిషి ఆయనొక్కరే అయి ఉంటారు. నేను మూలన కుర్చీలో కూర్చున్నాను. బిడ్డని నలుగురిలో "ఇది నాది కాదు" అన్నట్టుగా ఉంది.

సరే, సభయితే జరిగిందిగా, అర్థం కూడా అయిందిగా అని మర్నాడు కరస్పాండెంటు గారి గదికి వెళ్ళాను. కుర్చీ చూపించారు. కాఫీ వచ్చింది.

"బాగా చెప్పారమ్మా. ఆ బాత్రూం పోలిక... మా ఇంట్లో కూడా ఒకటే నవ్వులు."

"మరి నా సెలవండీ?"

"అదే ఆలోచిస్తున్నా. దేనికీ పనికిరాదని మీరే అన్నారు కదమ్మా, అంతమంది ముందు. పనికిరాని దానికి రెండేళ్ళు పంపించానంటే మేనేజ్‌మెంట్లో నన్నేమంటారు?"

"అర్థమైతే సంతకం పెడతానన్నారండీ!"

"అర్థమైంది కాబట్టే పెట్టలేకపోతున్నా" అన్నారాయన, పైగా ఎంతో సానుభూతిగా.

ఒళ్ళు మండిపోయింది. కాఫీ తాగకుండా లేచొచ్చేశాను, నా జీవితంలో వదిలేసిన మొదటి కాఫీ అదే. ల్యాబులోకి వెళ్ళి తలుపు వేసుకుని, ఆ తుప్పు అయస్కాంతాల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అనమన్నది ఆయనే, అన్నది నేను, ఇప్పుడు అదే మాట నా కాళ్ళకి అడ్డం పడింది. రిజిస్ట్రేషన్ పోతుంది. ఇన్నేళ్ళ లెక్కలు అటకెక్కుతాయి. పదవీ విరమణ దాకా ఆ గాల్వనామీటరు ముల్లుని గోటితో కదుపుతూ బతకాలి. మా ఆయన వచ్చి తలుపు కొట్టాడు. "తప్పు నాదేనోయ్, మాలిక్యూల్ అనే ఉంచాల్సింది" అన్నాడు. ఆ మనిషి నోట మాలిక్యూల్ అన్న మాట వెక్కిరింపు లేకుండా వినడం అదే మొదలు. దాంతో ఏడుపులోనే నవ్వొచ్చింది.

గైడు గారికి రాలేనని ఫోన్ చెయ్యాలి. ఇవాళ చేద్దాం, రేపు చేద్దాం అని వాయిదా వేస్తూ ఉన్నాను. అలా ఉండగా ఒకరోజు పొద్దున కాలేజీ గేటు ముందు గలాభా వినిపించింది. చూద్దును కదా, పాలకాయతిప్ప పెద్దావిడ! వెనక ఒక బస్సెడు జనం. నేరుగా కరస్పాండెంటు గారి గదిలోకి వెళ్ళిపోయారు. నన్నూ పిలిపించారు. నేను వెళ్ళేసరికి ఆవిడ నా కాఫీ కుర్చీలో కూర్చుని ఉంది.

"ఆ అణువేదో కాలేజీలో ఉందాండీ?" అని అడుగుతోంది ఆయన్ని.

"లేదమ్మా, ఇక్కడ లేదు. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉంది."

"మరి ఈ మేడంగారు ఇక్కడెందుకున్నారు? అది అక్కడ, ఈవిడ ఇక్కడ. ఎప్పుడో ఒకప్పుడు దాన్ని ఇక్కడికి తెచ్చుకోదా? ఎవురి పనిముట్టు వాళ్ళ దగ్గరికే వచ్చుద్ది కదండీ."

"అయ్యో, అది దేనికీ పనికిరాదని ఆవిడే చెప్పారు కదమ్మా!"

"అందుకే మా అనుమానం" అంది పెద్దావిడ. "పనికిరాని దానికోసం ఇంత చదూకున్నావిడ అన్నేళ్ళు తిరుగుద్దా? పెద్ద పెద్దోళ్ళు ఏదన్నా మా మీద పెట్టేముందు అట్టాగే చెప్తారు, ఏం లేదు ఏం లేదని."

అంటే ఆ రోజు నేను చెప్పిన దాంట్లో వీళ్ళు ఒక్క ముక్క కూడా నమ్మలేదు! ఆ చప్పట్లు నా పోలికకి కాదు, పనికిరాదని నా చేత ఒప్పించినందుకు. పోనీ, దేనికైతేనేం.

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరు నిజం చెప్పండి మేడంగారూ. మీరు అక్కడికి ఎల్లకపోతే అది ఇక్కడికొచ్చుద్దా, రాదా?"

కరస్పాండెంటు గారు నా వైపు చూసి కళ్ళతోనే బతిమాలుతున్నారు. నాకు గైడు గారు ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది, మరీ రాలేకపోతే ఆ అణువుల పొడి చిన్న సీసాలో పంపిస్తాను, మీ కాలేజీలో పిల్లలకి చూపించుకో అని. అబద్ధమాడాల్సిన అవసరమేముంది?

"రావచ్చండీ" అన్నాను. "కొరియర్లో."

అమ్మ బాబోయ్, ఆ గదిలో లేచిన గోల! కొరియర్లో వచ్చుద్దంట అని వరండాలోకి, వరండాలోంచి గేటు దాకా పాకిపోయింది. ఓట్లున్న మనుషులు బల్ల చుట్టూ మూగి, ఈవిణ్ణి పంపించేస్తావా, దాన్ని ఇక్కడికి తెప్పిస్తావా తేల్చు అని నిలదీస్తుంటే కరస్పాండెంటు గారికి పెన్ను కూడా వెంటనే దొరకలేదు. పెద్దావిడ పక్కనున్నాయన తన జేబులోంచి తీసిచ్చాడు. రెండేళ్ళ స్టడీ లీవు, అందరి ఎదటా, సంతకం. "చూద్దాం" అనకుండా ఆయన చేసిన పని నాకు తెలిసి అదొక్కటే.

మా ఆయన దీనికి "అణు నిష్క్రమణ" అని పేరు పెడతానన్నాడు. నోరు మూసుకోమన్నాను.

బయల్దేరే రోజు బందరు బస్టాండులో పెట్టెలతో నిలబడి ఉన్నాను. విజయవాడ బస్సు వచ్చింది. మా ఆయన సామాను ఎక్కిస్తున్నాడు. జనంలోంచి తోసుకుంటూ ఆ పెద్దావిడ వచ్చింది. నిజంగా వెళ్తున్నానో లేదో చూసి పోదామని వచ్చిందనుకున్నాను. చూడ్డానికే వచ్చిందట, ఆవిడే చెప్పింది. నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. ఎండు రొయ్యలు. వాసన పెట్టెలోకి ఎక్కేస్తుందని మా ఆయన మొహం చిట్లించాడు.

"అక్కడ ఇయ్యి దొరకవు" అంది.

ఇంక దాచడమెందుకని అడిగేశాను. "పెద్దమ్మా, ఆ రోజు నేను అంత చక్కగా చెప్పానే, ఒక్క మాటైనా ఎందుకు నమ్మలేదు?"

"ఆ బాత్రూం సంగతి నమ్మాను. అది చెప్పేటప్పుడు నీ మొగం ఎలిగిపోయింది" అంది. మేడంగారు పోయి నువ్వు అయ్యానని అప్పుడు గమనించాను. "దేనికీ పనికిరాదన్నావు చూడు, అప్పుడు మటుకు నమ్మలేదు. ముప్పై ఏళ్ళు చేపలమ్మాను తల్లీ, అబద్ధమాడే మొగం నాకు తెలవదా? అది నీకు పాణమని అక్కడే తెలిసిపోయింది నాకు."

నా గైడు గారితో సహా అప్పటిదాకా ఎవరూ నాతో అలా అనలేదు. కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు కూడా. కండక్టరు విజిలేశాడు. బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆవిడ కిటికీ చువ్వ పట్టుకుని బస్సుతో పాటు రెండడుగులు నడిచింది.

"అంత పాణమైంది కాబట్టే భయం" అంది. "దాన్ని అక్కడే వదిలెయ్యి. నువ్వు మాత్రం వచ్చెయ్."